పొయ్యికొక మాట

లింగమూర్తి నా ఇంటిని రెండు ముక్కలు చేశాడని ఎనిమిదేళ్లుగా చెప్పుకుంటూ తిరుగుతున్నాను. నర్సింహ చాయ్ హోటల్లో చెప్పాను. పెళ్లి పంక్తుల్లో విస్తరి ముందు కూర్చుని చెప్పాను. ఒకసారి అతని మొహం మీదే చెప్పాను. పంచాయతీ సమితి మెంబరై ఉండి, మూడో తరగతితో బడి మానేసిన నన్ను చావడికి పిలిచి, తియ్యగా మాట్లాడి సంతకం పెట్టించుకున్నాడని నా ఫిర్యాదు. అతను కండువా దులుపుకుని నవ్వాడు. "నీ చెయ్యి పట్టుకొని నేను రాయించిన్నా, ఐలయ్యా?" అన్నాడు. లేచి వచ్చేశాను. మర్నాటి నుంచి మళ్లీ అదే పాట. విన్నవాళ్లలో సగం మంది నమ్మారు. చదువు తక్కువవాడు మోసపోయాడంటే ఎవరైనా నమ్ముతారు.

అది డెబ్బై ఒకటి వానాకాలం. కొండాపూర్‌లో మాది ఉమ్మడి సంసారం. నేను, నా భార్య కిష్టమ్మ, తమ్ముడు రామచంద్రం, వాడి భార్య రుక్కమ్మ. ఎడ్లు, నాగలి, బావి దగ్గర మోట నావి. రామచంద్రం నానక్‌రామ్‌గూడ బడిలో సమితి పంతులు. పొద్దున్నే సద్ది తిని సైకిలెక్కి పోయేవాడు. జీతం వచ్చిన రోజు తెచ్చి కిష్టమ్మ చేతిలో పెట్టేవాడు. నా చేతికి ఇస్తే నేను ఏదో ఒక పుల్లవిరుపు మాట అంటానని వాడికి తెలుసు.

ఆ ఏడు సమితిలో కొత్త పద్ధతి ఒకటి తెచ్చారు. ఇకమీదట పంతులు జీతం పెరగాలంటే అతని పనికి ఏటా మార్కులు వేస్తారట. సగం మార్కులు అధికారి వచ్చి పిల్లల చేత చదివించి చూసి వేస్తాడు. మిగిలిన సగం ఊరివాళ్లు చెప్పినదాన్ని బట్టి. పంతుళ్లు ఒప్పుకోలేదు. మూడేళ్ల నుంచి ఆపిన జీతాల పెంపు ముందు ఇవ్వండి, ఈ మార్కులు ఎత్తెయ్యండి అని అర్జీలు పెట్టారు. ఎవరూ పట్టించుకోకపోతే తొలి ఏకాదశి దాటిన సోమవారం బడులకు తాళాలు వేసి, సమితి ఆఫీసు ముందు టెంటు వేసుకుని కూర్చున్నారు.

ఊరి అభిప్రాయం అంటే మాకు అప్పటిదాకా అలవాటు లేని సంగతి. ఎవరూ మమ్మల్ని ఏదీ అడిగింది లేదు. అలాంటిది పంతుళ్లకు మార్కులు మేం వేస్తామంటే నర్సింహ హోటల్లో పండగే అయింది. ఒకాయన తన కొడుక్కి సున్నాలు వేసిన పంతులు పేరు గుర్తుపెట్టుకున్నానని మీసం తిప్పాడు. ఇంకొకాయన, చిన్నప్పుడు తనను గోడకుర్చీ వేయించిన పంతులు చచ్చిపోయాడని, లేకపోతే చూపించేవాణ్నని బాధపడ్డాడు. నాట్లు వేసే పిల్లలు చేతికి దొరికారని కొందరికి సంతోషం. ఎండాకాలం రెండు నెలలు ఊరికే కూర్చుని జీతం తింటారు, ఇంకా ఏం కావాలట వీళ్లకు అని అందరిదీ ఒకటే మాట.

నేనూ నా వంతు వేశాను. "నా పొలంల నాకు సెలవు ఎవడిచ్చిండు? నేను సమ్మె చేస్తే వరి ఊకుంటదా?" అన్నాను. హోటలంతా నవ్వింది. నర్సింహ ఆ పూట నా చాయ్‌కి పైసలు తీసుకోలేదు. ఇంట్లో పంతులు ఉన్నవాడే ఇలా అంటున్నాడంటే న్యాయం ఎటుందో చూడండి అని ఎవరో అన్నారు. నాకు బాగుంది.

ఇంటికి వచ్చాక అదే మాట రామచంద్రం ముందు కూడా అన్నాను. వాడు పలుపుతాడు పేనుతూ, తల ఎత్తకుండా విన్నాడు.

"మార్కులు ఊరు వెయ్యదన్నా. ఊరి పేరు మీద మెంబరు వేస్తడు," అన్నాడు. "లింగమూర్తి బర్రెలు బళ్లె కట్టేస్తే వద్దన్న. నాకెన్ని మార్కులు వస్తయో నువ్వే చెప్పు."

"మంచిగ చెప్తే ఎవరైన మంచిగనే వేస్తరు."

"నాట్లప్పుడు బళ్లె పిల్లలుంటరా? మొన్న నా క్లాసుల ఇద్దరు ఆడపిల్లలను నువ్వే కూలికి పిలిచినవ్. గప్పుడే అధికారి వచ్చి చదువుమంటే ఎవరు చదవాలె? నారు చదువుతదా?"

కిష్టమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రుక్కమ్మ కూడా నవ్విందని నాకనిపించింది. మరదలి ముందు మాట పోయిందని నాకు మండింది. "చదువుకున్నోనివి, నీతోని ఎవడు మాట్లాడాలె," అని లేచి కొట్టంలోకి పోయాను. వాడు చెప్పింది నిజమేనని నాకు అప్పుడే తెలుసు.

రెండో నెల జీతం రాలేదు. ఇంట్లో ఇబ్బంది మొదలైంది. రుక్కమ్మ తన వెండి కడియాలు కిష్టమ్మకు ఇవ్వబోతే, కిష్టమ్మ ఆ చేతిని వెనక్కి తోసింది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అయినా ప్రతి ముద్దకూ, ఇది నా చెమట, ఇది వాడి జీతం అని నాలో నేను లెక్క వేసుకునేవాణ్ని. ఇన్నాళ్లూ వాడి జీతం తిన్నప్పుడు ఆ లెక్క ఎందుకు వేయలేదో ఎవరైనా అడిగి ఉంటే నోరు మూసుకునేవాణ్ని. అడగలేదు.

అలాంటి రోజున లింగమూర్తి మా బావి దగ్గరికి వచ్చాడు. నేను మోట తోలుతున్నాను. ఎడ్లు వెనక్కీ ముందుకీ నడుస్తుంటే, అతను గొడుగు పట్టుకుని గట్టు మీద కూర్చుని కాసేపు చూశాడు.

"ఇంకెన్నేండ్లు ఈ మోట, ఐలయ్యా? పక్క ఊర్లె మోటార్లు పెట్టి రెండు పంటలు తీస్తున్నరు."

కరెంటు రావాలి కదా మెంబరు సాబ్ అన్నాను. నాలుగు స్తంభాలు పాతితే మా బావి దగ్గరికి తీగ వస్తుందని, ఈసారి బావుల లిస్టు తన చేతి మీదుగానే పోతోందని చెప్పాడు. ఎల్లుండి చావడికి సమితి నుంచి ఆఫీసరు వస్తున్నాడు, సమ్మె మీద ఊరి అభిప్రాయం రాసుకుంటాడు, నువ్వూ రా అన్నాడు. అతను లేచి పంచె దులుపుకున్నాడు.

"తమ్ముడు టెంటు కింద గూసుండె. అన్న ఎటున్నడో తెల్వదాయె. నేను లిస్టుల నీ పేరెట్ల చెప్పాలె?"

ఇంతే అన్నాడు. బెదిరించలేదు, బతిమాలలేదు. మిగతాదంతా నేనే నాకు చెప్పుకున్నాను.

మా ఊళ్లో పొయ్యికి ఒకటే మాట. చావడిలో ఏ సంగతి తేలాలన్నా, కుంట పూడిక తీయడానికి మనుషుల్ని పంపాలన్నా, బోనాల చందా వేయాలన్నా, ఊళ్లో ఎన్ని పొయ్యిలుంటే అన్ని మాటలు లెక్క. ఇంట్లో పదిమంది ఉన్నా సరే, పెద్దవాడు చెప్పిందే ఆ ఇంటి మాట. చెప్పాక దాన్ని ఇంట్లోవాళ్లు కాదనడానికి లేదు. కాదనాలంటే వేరే పొయ్యి పెట్టుకోవాలి.

ఆఫీసరు పేరు పట్టాభిరామయ్య. కోస్తా నుంచి వచ్చినాయన. కళ్లద్దాలు, తెల్ల చొక్కా, బురదకు భయపడి పైకి మడిచిన ప్యాంటు. ఒక్కొక్కరినీ పిలిచి, బల్ల ముందు నిలబెట్టి, సమ్మె న్యాయమా కాదా, మార్కుల పద్ధతి కావాలా వద్దా అని అడిగి రాసుకున్నాడు. నా వంతు వచ్చేసరికి "రండి, చెప్పండి. మీ అభిప్రాయం మాకు ముఖ్యం కదండీ," అన్నాడు. గవర్నమెంటు మనిషి నన్ను 'మీరు' అనడం అదే మొదలు.

సమ్మె తప్పన్నాను. మార్కులు ఉండాలన్నాను. పని చూసి కూలి ఇస్తాం, చూడకుండా ఎవడైనా ఇస్తాడా అన్నాను. చావడి అరుగు మీద ఉన్నవాళ్లు తలలు ఊపారు. ఆయన రాస్తూ రాస్తూ ఆగాడు.

"మీ తమ్ముడు గారు సమ్మెలో ఉన్న పంతులే కదండీ? వేరే ఉంటున్నారా?"

"లేదు సార్. ఒకటే పొయ్యి."

"మరి ఆయన్ని కూడా ఒకమాట అడగక్కర్లేదంటారా?"

అక్కడ ఆయన నాకు దారి ఇచ్చాడు. అవునండి, వాడి మాట వాడిది, నాది నాది అంటే సరిపోయేది. వెనక లింగమూర్తి ఉన్నాడు. ముందు ఊరు ఉంది. గోడకానుకుని నిలబడ్డ నర్సింహ నన్నే చూస్తున్నాడు.

"వాణ్ని అడిగేదేముంది సార్. ఇంటికి పెద్దోణ్ని నేను. నా మాటనే వాని మాట."

ఆయన రాశాడు. రాసి చదివాడు. నాకు అర్థం కాలేదేమోనని ఇంకోసారి, నిదానంగా చదివాడు. నానక్‌రామ్‌గూడ పంతులు రామచంద్రం సహా మా ఇంటివారెవరికీ ఈ సమ్మె సమ్మతం కాదు అని ఉంది అందులో. మోసపోయానని నేను ఊరంతా చెప్పుకునేది ఈ కాగితం గురించే. రెండుసార్లు విన్నాను. ప్రతి ముక్కా అర్థమైంది. నాకంటే ముందున్నవాళ్లు వేలిముద్రలు వేసి బొటనవేళ్లు గోడకు తుడుచుకుంటుంటే, నేను కలం అడిగి తీసుకుని, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి, ఐలయ్య అని సంతకం పెట్టాను. నా వేలికి సిరా అంటలేదని గర్వపడ్డాను కూడా.

సాయంత్రానికి ఆ సంగతి ఆడవాళ్ల ద్వారా కిష్టమ్మకు చేరింది. ఎడ్లకు కుడితి పెడుతుంటే వచ్చి పక్కన నిలబడింది.

"మరిదికి చెప్పినవా?"

చెప్తానన్నాను. ఎప్పుడు అంది. చెప్తానన్నా కదా అని కసిరాను. తను మళ్లీ అడగలేదు. రుక్కమ్మకు కూడా చెప్పలేదు. నా నోటితో నేనే చెప్పుకోవాలని ఆగిందనుకుంటాను. సంగతి బయటపడేదాకా తొమ్మిది రోజులు మొగుడి తప్పు దాచినదానిలా మరదలి మొహం చూడలేక తిరిగింది.

చెప్పడానికి నాకు మంచి సమయం ఒకటి దొరికింది కూడా. టెంటులో రోజుకు నలుగురు చొప్పున పంతుళ్లు వంతులవారీగా ఉపవాసం కూర్చుంటున్నారు. పొద్దున దండ వేస్తారు. సాయంత్రం ఇంటి పెద్ద ఎవరైనా వచ్చి నిమ్మరసం ఇచ్చి ఉపవాసం విడిపిస్తారు. రామచంద్రం ఆ బుధవారం సాయంత్రం ఇంటికి వచ్చి, సైకిలు గోడకానించి, మామూలుగా లేనంత మెల్లగా నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఎల్లుండి నా వంతు. నీకు సమ్మె నచ్చదు, నాకెరికే. గని నిమ్మరసం నువ్వియ్యాలె. నాయిన లేడు, ఇంకెవరిస్తరు?"

వాడు అలా అడిగినప్పుడు నేను చెప్పాల్సింది ఒకటే సంగతి. నోరు తెరిచాను కూడా.

"నిమ్మకాయలు మన ఇంటియి తేవాల్నా?" అన్నాను.

వాడు నవ్వాడు. అక్కడే ఉంటాయి, నువ్వొస్తే చాలన్నాడు.

శుక్రవారం ఉతికిన ధోవతి కట్టుకుని, పొలాల గట్ల మీదుగా మూసాపేట దాకా నడిచి, రోడ్డెక్కి సమితి ఆఫీసుకు చేరేసరికి నాలుగు దాటింది. చినుకులు పడుతున్నాయి. టెంటు గుడ్డ మధ్యలో నీళ్లు నిలిచి కడుపులా వేలాడుతోంది. ఇద్దరు పంతుళ్లు కర్రతో దాన్ని పైకి పొడిచి నీళ్లు దింపుతున్నారు. నలుగురిలో మూడోవాడు రామచంద్రం. బంతిపూల దండ మెడలో ఉంది. నన్ను చూసి పక్కవాళ్లతో మా అన్న వచ్చిండు అన్నాడు. వాళ్లంతా లేచి నాకు నమస్కారం పెట్టారు. చాప మీద చోటిచ్చారు. విశ్వేశ్వరరావని ఒక పెద్దాయన, పంతుళ్ల సంఘానికి ముందున్నాయన, నా చేతికి గ్లాసు ఇచ్చి, అయిదు కాగానే ఇద్దురు గాని, కూర్చోండి అని మర్యాద చేశాడు.

అయిదుకు ఇంకా పది నిమిషాలు ఉందనగా ఆఫీసులోంచి జవాను వచ్చి వరండా పలక మీద ఒక కాగితం అంటించి పోయాడు. ఇద్దరు పంతుళ్లు వెళ్లి చూశారు. ఒకడు తిరిగి వచ్చి విశ్వేశ్వరరావు చెవిలో ఏదో చెప్పాడు. ఆయన స్వయంగా వెళ్లి చూసి వచ్చాడు. తీరిగ్గా కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"రామచంద్రం గారూ, సమ్మెకి తమ ఇంటివారి సమ్మతి లేదని రాసిచ్చిన పంతుళ్లంటూ మూడు పేర్లు వేశారండి. అందులో మీది ఉంది. కింద మీ అన్నగారి సంతకం ఉన్నట్టుగా వేశారు."

రామచంద్రం నన్ను అడగలేదు. నా వైపు చూశాడు, అంతే. నేను గ్లాసులోకి చూసుకున్నాను. గింజ ఒకటి తేలుతోంది.

"మా అన్నదే," అన్నాడు వాడు.

ఎవరూ అరవలేదు. తిట్టి ఉంటే నేను తిరిగి తిట్టి బయటపడేవాణ్ని. వెనక కూర్చున్న పంతులొకడు మాత్రం, మా పక్క ఊరివాడే, పొయ్యికొక మాట సంగతి తెలిసినవాడు, నేల చూస్తూ అన్నాడు: "ఈడ దండ, ఆడ సంతకం. ఎటు గెలిచినా నౌకరి భద్రం."

రామచంద్రం ఆ మాటకు తిరిగి చూడలేదు. ఇంట్లో ఏం జరిగిందో తనకు తెలియదని అనలేదు. అంటే నన్ను అబద్ధాలకోరును చేసినట్టవుతుంది, లేదా తాను అయినట్టవుతుంది. విశ్వేశ్వరరావు వాడి భుజం మీద చెయ్యి వేసి, ఈ పూటకి మీరు లేస్తే అందరికీ ఇబ్బంది ఉండదేమోనండి అన్నాడు. వాడే దండ తీశాడు. పూలు రాలకుండా రెండు చేతులతో తీసి ఆయన చేతికిచ్చాడు. ఆయన దాన్ని వేరే పంతులు మెడలో వేశాడు. అయిదు కొట్టారు. ఎవరో నా చేతిలో గ్లాసు తీసుకుని ఆ పంతులుకిచ్చారు. గ్లాసు తెచ్చింది నేనే అనుకున్నారో ఏమో, ఖాళీ గ్లాసు మళ్లీ నా చేతికే వచ్చింది.

మూసాపేట నుంచి కొండాపూర్ దాకా ఇద్దరం నడిచే వచ్చాం. వాడు సైకిలు నడిపించుకుంటూ ముందు, నేను వెనక. పొద్దున్నుంచి వాడు మంచినీళ్లు కూడా తాగలేదు. సైకిలెక్కి పోరా, నేను వస్తా అన్నాను ఒకసారి. ఫర్వాలేదన్నాడు. కరెంటు సంగతి చెబుదామనుకున్నాను. ఆ మాట నోట్లోకి వచ్చేసరికి అది ఎంత చిన్నదో నాకే తెలిసింది.

ఇల్లు చేరగానే వాడు కాళ్లు కడుక్కోలేదు. వాకిట్లో నిలబడి రుక్కమ్మను పిలిచి, మూడు రాళ్లు తెమ్మన్నాడు. ఎందుకో తనకు అర్థం కాలేదు. కిష్టమ్మకు అయింది. గడపలోంచి పరుగున వచ్చి వాడి చెయ్యి పట్టుకుంది.

"వద్దు మరిదీ. కొడితే కొట్టు, తిడితే తిట్టు. పొయ్యి వేరు పెట్టకు."

"నిన్నెందుకు తిడత వదినె," అన్నాడు వాడు. తనే వెళ్లి గోడ పక్కనుంచి రాళ్లు మోసుకొచ్చి చూరు కింద పెట్టాడు. కట్టెలు తడిసి ఉన్నాయి. రుక్కమ్మ ఊది ఊది కళ్లు ఎర్రబడ్డాయి గానీ నిప్పు అంటుకోలేదు. చివరికి కిష్టమ్మే మా పొయ్యిలోంచి రెండు నిప్పు కణికలు పట్టుకారుతో తెచ్చి ఆ రాళ్ల మధ్య వేసింది. వేసి అక్కడే కూలబడింది.

నేను దగ్గరికి వెళ్లాను. "తమ్మీ, రేపే పోయి ఆ మాట వాపసు తీసుకుంట," అన్నాను.

"తీసుకుంటే నిన్నెవరో బెదిరించిన్రంటరు. లేకుంటే నేను కాళ్లు పట్టుకున్నంటరు." వాడి గొంతు ఆకలికి పీలగా ఉంది. "పొయ్యి వేరైతేనే నా నోరు నాదైతది. కాయితం కావాలె అన్నా, సోమవారం లోపల. టెంటుల చూపెట్టాలె."

"నా మీద కోపమైతే..."

"కోపం సంగతి తర్వాత."

ఆ తర్వాత అన్నది ఇప్పటిదాకా రాలేదు.

పట్వారీ వెంకటనారాయణ దగ్గరికి వెళితే, మూడు రాళ్లు పెట్టుకుంటే వేరు పడ్డట్టు కాదన్నాడు. భూమి పంచుకుంటేనే పంపకం, అప్పుడే కాగితం రాసి నకలు ఇస్తానన్నాడు. రామచంద్రానికి భూమి అక్కర్లేదు. ఆ మాట అన్నాడు కూడా. వాటా లేకుండా రాస్తే దొంగ పంపకం అంటారు, టెంటులో ఎవరూ నమ్మరు అని పట్వారీ చెప్పాక సరేనన్నాడు. ఆదివారం చావడిలో కూర్చున్నాం.

మాకు రెండు రకాల భూమి ఉంది. ఒకటి బావి కింద వరి పొలం, రెండెకరాలకు తక్కువ. రెండోది దాన్ని ఆనుకుని, ఊరి వెనక ఉన్న మెట్ట, రాళ్ల చెలక. లెక్కలో పెద్దది. ఏనుగుల్లాంటి బండల మధ్య జొన్న చల్లితే చల్లినంత రాదు. మా వైపు పద్ధతి ఏమిటంటే, పెద్దవాడు పాళ్లు వేయాలి, చిన్నవాడు ముందు ఎత్తుకోవాలి. పెద్దవాడు మోసం చేయకుండా ఎవరో బుద్ధిమంతుడు పెట్టిన కట్టు అది. ఏ పాలు తనకు మిగులుతుందో తెలియదు గనుక సమానంగా వేసి తీరాలి.

పట్వారీ, రెండు భూముల్నీ చెరిసగం కొయ్యమన్నాడు. అందరూ చేసేది అదే.

"బాయిని కోస్తమా?" అన్నాను నేను. "బాయి పొలం ఒక పాలు. చెలక ఒక పాలు."

లింగమూర్తి నా వెనకనుంచి వంగి, "పిచ్చోడా, ముందు ఎత్తుకునేది వాడు. బాయి పోతది నీకు," అన్నాడు గొంతు తగ్గించి. నిజంగానే నా మేలు కోరి చెప్పాడు.

"వాడు ఎత్తుకోడు," అన్నాను.

ఆ మాట అతనికి ఒక్కడికే వినిపించింది. అతను నన్ను ఒక రకంగా చూశాడు. అంతటి లింగమూర్తి నన్ను అలా చూశాడు. చిన్నప్పటి నుంచి పళ్లెంలో పెద్ద ముక్క నా వైపు తోసినవాడు, ఊరి ముందు అన్న నోటి దగ్గరి బావి లాక్కోడని నాకు తెలుసు. వాడి మంచితనం ఎంత లోతో కొలిచి పెట్టుకుని, దాని మీద పాళ్లు వేశాను. సంతకం పెట్టిన రోజు ఏదో మైకంలో పెట్టానని చెప్పుకోవచ్చు. ఈ రోజు మైకం లేదు.

రెండు భూముల నుంచీ ఒక్కో మట్టిపెళ్ల తెచ్చి మోదుగాకు మీద పెట్టారు. ఒకటి నల్లగా తడిగా ఉంది, దాని మీద వరి వేరు ఒకటి వేలాడుతోంది. రెండోది ఎర్రటి గరుకు మొరం, తెచ్చేలోగానే సగం రాలిపోయింది. రామచంద్రం రెండింటినీ ఒక్క క్షణం చూశాడు. పట్వారీ, "సోంచాయించుకో రామచంద్రం, తర్వాత మార్చనీకి లేదు," అన్నాడు. వాడు వంగి ఎర్ర మట్టి తీశాడు. అది వేళ్ల సందుల్లోంచి జారుతుంటే రెండో చెయ్యి కింద పెట్టి పట్టి, రుక్కమ్మ కొంగులో పోశాడు. తను ముడి వేసుకుంది.

"ఇయ్యాల్టి తారీఖు వెయ్యండ్రి," అన్నాడు పట్వారీతో. "నకలు ఇప్పుడే ఇయ్యాలె."

అరుగు మీద ఉన్నవాళ్లు ఒక్కరొక్కరే లేచి పోయారు. నర్సింహ చెప్పులు వేసుకుంటూ నా పక్కనుంచే పోయాడు, పలకరించలేదు. పంతుళ్లు ఊరికే జీతం తింటారని నాతోపాటు అన్నవాళ్లే వాళ్లంతా. మర్నాడు హోటల్‌కి నేను పోయేసరికి మాట మార్చారు. ఆ వారంలో ఊరి అభిప్రాయం కూడా మారింది. సమ్మె గురించి ఎవరికీ కొత్తగా ఏమీ తెలియలేదు. మా చావడి చూశారు, అంతే.

నకలు చూశాక పంతుళ్లు రామచంద్రాన్ని మళ్లీ టెంటులో కూర్చోబెట్టుకున్నారట. బతుకమ్మ పండక్కి నాలుగు రోజుల ముందు రాజీ అయింది. పెంపులో సగం ఇచ్చారు. మార్కుల సంగతి తర్వాత చూద్దామన్నారు. మా ఊరి అభిప్రాయాలు రాసిన కాగితాల కట్ట ఎవరూ విప్పను కూడా లేదని విన్నాను.

పండగ వెళ్లగానే రామచంద్రం మూసాపేటలో కిరాయి గది తీసుకున్నాడు. బండి మీద వాళ్ల సామాను పెద్దగా ఏమీ లేదు. కిష్టమ్మ, రుక్కమ్మ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. వాడు బండి కదిలేముందు నా దగ్గరికి వచ్చి, ఎప్పటిలాగే వంగి కాళ్లకు మొక్కాడు. నేను చెయ్యి ఎత్తబోయేసరికి లేచి నిలబడ్డాడు.

"చెలక గెట్టు రాయి నువ్వే పాతన్నా. నేను రాను. నువ్వు యాడ పాతితే ఆడనే."

మా బావి దగ్గరికి ఎండాకాలంలో నాలుగు స్తంభాలూ వచ్చాయి. మోటారు పెట్టాను. రెండు పంటలు తీస్తున్నాను. వాడి చెలక బీడుగానే ఉంది. కౌలుకు అడుగుదామని రెండుసార్లు మూసాపేట దాకా పోయాను. సందు మొగలోనే తిరిగి వచ్చాను. కిష్టమ్మ ఏడాదికోసారి ఒక్కతే పోయి వస్తుంది. ఏమన్నారని నేను అడగను, తను చెప్పదు.

వాడు పోయిన మూడో రోజు, పట్వారీ గొలుసు తెప్పించి, నేనే ఒక కొస పట్టుకుని ఆ చెలక నాలుగు మూలలూ కొలిపించాను. మా పొలం వైపు ఒక మూల జానెడు జరిపినా అడిగేవాడు లేడు. పట్వారీ కూడా అటు తిరిగి బీడీ వెలిగించుకున్నాడు. నేను జరపలేదు. గొలుసు ఎక్కడ ఆగిందో అక్కడే మోకాలి లోతు తవ్వి రాయి దించి మట్టి తొక్కాను. ఆ వానాకాలం మొత్తంలో నేను సరిగ్గా చేసిన పని అదొక్కటి. ఆ సమ్మెలో నీకేం పోయిందని ఎవరైనా అడిగితే, ఆ చెలకకు పట్వారీ రాసిన లెక్కే చెబుతాను: రెండెకరాల పదకొండు గుంటలు.